తృప్తిబాయి బోర్డు వైపు తిరిగినప్పుడు

సోలాపూర్‌లో తెలుగు నేతగాళ్ళుండే దాజీ పేట్‌లో ఒక మాట పుట్టిందంటే దానికి కాళ్ళు అక్కర్లేదు, తంబాకు ఘాటులా దానంతట అదే ఇల్లిల్లూ తిరుగుతుంది. ఈసారి తిరిగిన మాట ఇది: అంబాదాస్ కూతురు తృప్తికి లెక్కలు రావట. ఆమెది కరోనా డిగ్రీ అట. అందరినీ ఇంట్లో కూర్చోబెట్టి పాస్ చేసిన ఏడు పాసైంది కాబట్టి పేరుకు బీఎస్సీ మ్యాథ్స్ గానీ, తొమ్మిదో తరగతి పిల్ల లేచి ఒక లెక్క అడిగితే జవాబు తోచక, చాక్‌పీస్ అక్కడే పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా బడి గేటు దాటి ఉరికిందట.

ఇందులో ఉరికిన మాట నిజం. చెప్పులు వేసుకునే ఉరికింది. మిగిలిందంతా బీడీ కార్ఖానా దగ్గర వరుసలో నిలబడి పొద్దుపోని ఆడవాళ్ళు చుట్టిన బీడీ. పైన ఆకు గట్టిగానే ఉంది, లోపల తంబాకు లేదు. అసలు జరిగిందేమిటో మొదట్నుంచీ చెబితే తప్ప తెలియదు. సగం విని లేచిపోయేవాళ్ళ వల్లే వ్యవహారం ఇంత దూరం వచ్చింది.

అంబాదాస్ ఇంట్లో ముందు సగం మగ్గాలది, వెనక సగం మనుషులది. సేటు ఇచ్చే నూలుతో టర్కీ టవళ్ళు నేసే పవర్‌లూములు ముందు సగంలో పొద్దస్తమానం ఖటఖటమంటూనే ఉంటాయి. నడుమ గోడకు తలుపు లేదు, పాత చద్దరు ఒకటి వేలాడుతుంది. తృప్తి ఉయ్యాల ఆ చద్దరుకు ఇవతలే కట్టారు. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేది ఆ పిల్ల. మళ్ళీ మగ్గం ఆడగానే నిద్రపోయేది. చూసినవాళ్ళంతా ముచ్చటపడ్డారు, పద్మశాలి బిడ్డ అంటే ఇదీ అని.

అలాంటి ఇంట్లో మాట చెవిలో పడడం తక్కువ, కంట్లో పడడం ఎక్కువ. అంబాదాస్ నూలు తెగిందని చెప్పాలంటే రెండు వేళ్ళు కత్తెరలా ఆడిస్తాడు. చాయ్ కావాలంటే పెదాల దగ్గర సాసర్ పట్టినట్టు పడతాడు. సేటు వస్తున్నాడంటే లేని మీసం దువ్వుతాడు. మిగతా మాటలు పెదవులతో అంటాడు, అవతలివాడు పెదవులు చూసి అందుకుంటాడు. మగ్గం పని చేసే ఎవరినైనా అడగండి, అది పెద్ద విద్యేమీ కాదంటారు. వెనక సగంలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టే తల్లి సుందరాబాయి కూడా బిడ్డను పేరు పెట్టి పిలిచేది కాదు, పిలిచినా ఆ మోతలో లాభం లేదు. కత్తిరించగా మిగిలిన ఆకు ముక్కను ఉండచుట్టి వీపు మీదికి విసిరేది. బిడ్డ తిరిగి ముఖం చూసేది. అప్పుడు చెప్పాల్సింది చెప్పేది.

చిన్నప్పుడు చెవి కారితే వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోశారు, తగ్గిపోయిందన్నారు. ఇక ఆ పిల్ల చెవులు పనిచేస్తున్నాయా అని చూడాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది? తల్లికి రాలేదు, తండ్రికి రాలేదు. తృప్తికి అసలే రాలేదు. లోకంలో అందరూ ఇలాగే వింటారనుకుంది.

బడిలో మొదటి బెంచీ ఎవరికీ వదిలేది కాదు. చరిత్ర సార్ పుస్తకం చేతబట్టి తరగతంతా తిరుగుతూ చదివేవాడు. ఆయన వెనక బెంచీల వైపు నడిచేసరికి రాజులూ యుద్ధాలూ సగంలో తెగిపోయేవి. లెక్కల సార్ అలా కాదు, ప్రతి మెట్టూ బోర్డు మీద పెట్టేవాడు. రాసింది ఎటూ తిరగదు, గొంతు తగ్గించదు, అర్థం కాకపోతే మళ్ళీ చూసుకోవచ్చు. అందుకే ఆ పిల్ల లెక్కలను కరుచుకుపోయింది. పన్నెండో తరగతి కాగానే బీఎస్సీ మ్యాథ్స్‌లో చేరింది. హైస్కూలులో లెక్కల టీచరు కావాలి, అంతకు మించిన కోరిక లేదు. “పిల్లకు బీడీ కార్డు చేయించు సుందరక్కా, కార్ఖానల పని పక్కా అయితది, పెండ్లినాటికి అక్కరకొస్తది” అన్నవాళ్ళకు సుందరాబాయి ఇచ్చిన జవాబు పేటంతా తెలుసు: “నా చేతులకున్న తంబాకు వాసన చాలు. నా బిడ్డ చేతికి చాక్‌పీస్ అంటాలె.”

రెండేళ్ళు బాగానే నడిచింది. జోడ్‌భావి పేట్ నుంచి వచ్చే శీతల్ అనే పిల్లతో స్నేహం కుదిరింది. ఇద్దరూ ఒకే బెంచీ, ఒకే ఆటో. మూడో ఏడు కరోనా వచ్చి కాలేజీ మూతపడింది. ఫోనులో పాఠాలన్నారు. ఫోనులో సార్ గొంతు ఇసుక పోసినట్టు గరగరలాడేది. సిగ్నల్ లేదనుకుంది తృప్తి, పుస్తకం ముందర పెట్టుకుని సొంతంగా చేసుకుంది. ఆ మధ్యలో జ్వరం వచ్చి తగ్గింది.

లాక్‌డౌన్ తర్వాత కాలేజీ కొన్నాళ్ళు తెరిచారు. మొదటి రోజే తృప్తి పై ప్రాణాలు పైనే పోయాయి. సార్ మాస్కు పెట్టుకుని వచ్చి మాట్లాడడం మొదలుపెట్టాడు. నుదురు కదులుతోంది, చేతులు కదులుతున్నాయి, మాస్కు గుడ్డ ఉబ్బుతోంది, తగ్గుతోంది. మాట లేదు. ఏదో దూరాన గిర్నీలో పిండి పడుతున్నట్టు గురగుర. చుట్టూ అందరూ తల వంచి రాసుకుంటున్నారు. తనూ తల వంచింది. ఏం రాయాలి? పక్కవాళ్ళ వైపు చూస్తే వాళ్ళ ముఖాలకూ గుడ్డలే. ఎటు చూసినా కళ్ళు.

ఆ వారమంతా ఆమె పడిన భయం పగవాళ్ళకు కూడా వద్దు. కరోనా వచ్చిపోయినవాళ్ళకు తలలో మబ్బు పడుతుందని పేటలో అప్పుడు అందరూ అనేవారు. నాకొచ్చిన జ్వరం అదే, నా తలలో ఉన్న లెక్కంతా తినేసింది అనుకుంది. ఇంటికి వచ్చి పుస్తకం తీస్తే లెక్కలన్నీ ఎప్పటిలాగే వస్తున్నాయి. అది ఇంకా భయం. ఇంట్లో ఉన్న తల కాలేజీకి పోయేసరికి ఏమైపోతోంది? పిచ్చి పడుతోందేమోనని ఎవరికీ చెప్పలేదు.

ఒకనాడు మెట్ల మీద శీతల్ దాహమేసి మాస్కు కిందికి లాగింది. “నీ బాటిల్ల నీళ్ళున్నాయా?” అంది. తృప్తికి మాట స్పష్టంగా వచ్చింది. శీతల్ నీళ్ళు తాగి మాస్కు పైకి లాక్కుని ఏదో అంటూనే ఉంది. మాట పోయింది.

“మాస్కు తియ్యి,” అంది తృప్తి.

శీతల్ తీసింది. “ఏందే? గట్ల చూస్తున్నవేంది?”

“మల్ల పెట్టు.”

పెట్టింది. పోయింది.

తృప్తి మెట్ల మీదే కూలబడింది. ఇన్నేళ్ళూ తాను వింటున్నాననుకున్నది చూస్తున్నానని ఆ క్షణాన తెలిసింది.

శీతలే బలవంతంగా చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తొడిగి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. తృప్తి వేలు మీట మీద పెట్టుకుని శబ్దం ఎప్పుడు మొదలవుతుందా అని ఎదురుచూసింది. అప్పుడొకటి ఇప్పుడొకటి వచ్చాయి, నొక్కింది. ఇంకా అసలుది మొదలు కాలేదనుకుంటూ ఉండగా తలుపు తెరిచి, అయిపోయింది, రమ్మన్నారు. ఆ తెరిచిన తలుపు ఆమె కలల్లోకి చాలాకాలం వచ్చింది.

రెండు చెవులూ సగానికి పైగా పోయాయన్నాడు డాక్టరు. మగ్గాల మోతా కావచ్చు, పాత చీమూ కావచ్చు, ఒకటే కారణమని చెప్పలేనన్నాడు. మిషన్ పెట్టుకో, సర్టిఫికెట్ తీసుకో, సర్కారు నౌకరీల్లో మీలాంటివాళ్ళకు జాగా ఉంటుందన్నాడు. మంచివాడే. కానీ తృప్తికి ఆ మాట మీద నమ్మకం కుదరలేదు. ఆ జాగా ఫైళ్ళ మధ్య ఉంటుందేమో, పిల్లల ముందు ఎందుకుంటుంది? ఇనరాని పంతులమ్మను ఏ బడి పెట్టుకుంటుంది?

ఆమె కళ్ళ ముందు నర్సప్ప మెదిలాడు. వాళ్ళ గల్లీ చివర ఉండే ముసలి నేతగాడు, పూర్తిగా చెవిటివాడు. పిల్లలు వెనక నుంచి వచ్చి తీయటి గొంతుతో బూతులు తిట్టేవారు. ఆయన తిరిగి చూసి, ఏదో మంచి మాటే అన్నారనుకుని, బోసినోటితో నవ్వి తలూపేవాడు. గల్లీకి గల్లీ పడిపడి నవ్వేది. ఆ గుంపులో తృప్తి కూడా ఉండేది. పిల్లలు చెవిటివాళ్ళను ఏం చేస్తారో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

“ఎవరికన్నా చెప్పినవంటే నేను చచ్చినంత ఒట్టు,” అని శీతల్ చేత ఒట్టు వేయించుకుంది.

మిషనూ తీసుకోలేదు, సర్టిఫికెట్టూ తీసుకోలేదు. మళ్ళీ కాలేజీ మూతపడి, ఆఖరి పరీక్షలు ఇంటి నుంచే జరిగాయి. తృప్తి మంచి మార్కులతో పాసైంది. ఆ ఏడు అందరూ పాసయ్యారు, అది నిజం. అందరిలో కొందరు చదివి పాసయ్యారు, అది కూడా నిజం. పేట మొదటి నిజాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేసింది.

బీఎడ్‌లో శీతల్‌తో పాటే చేరింది. అక్కడ అసలు గండం ఉంది. టీచరు కాబోయేవాళ్ళు నిజం బడికి పోయి, నిజం పిల్లలకు పాఠం చెప్పాలి. వెనక కుర్చీలో కాలేజీ నుంచి వచ్చిన గైడ్ మేడం కూర్చుని చూస్తుంది. వీళ్ళకు దాజీ పేట్ పక్కనే ఉన్న బడి పడింది. పాఠాలు మరాఠీ, పిల్లల గుసగుసలు తెలుగు. సోలాపూర్ బళ్ళలో పంతులమ్మను బాయి అంటారు. తృప్తి తృప్తిబాయి అయింది. ఆ పిలుపు కోసమే చిన్నప్పట్నుంచీ కాచుకుంది. తీరా అది ఎవరి నోట వస్తుందో, ఎప్పుడు వస్తుందో కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేసరికి మెడ నరాలు బిగుసుకుపోయేవి.

ఇన్నేళ్ళూ ఆమెకు దారి చూపిన బోర్డే ఇప్పుడు ఉరితాడైంది. చదువుకునే పిల్ల బోర్డు వైపు ముఖం పెట్టి కూర్చుంటుంది. టీచరు బోర్డు మీద రాయాలంటే పిల్లలకు వీపు పెట్టాలి. వీపు పెట్టిన మరుక్షణం తృప్తికి తరగతి లేదు. వెనక నలభై నోళ్ళు తెరుచుకున్నా ఒక్కటీ తెలియదు.

అందుకని లెక్కలన్నీ ఇంట్లోనే పెద్ద చార్టుల మీద రాసుకుని తెచ్చేది. గోడకు తగిలించి, పక్కన నిలబడి, పిల్లల ముఖాలు చూస్తూ చెప్పేది. శీతల్ వెనక కూర్చునేది. ఎవరైనా ప్రశ్న అడిగితే శీతల్ పెన్ను ఆ బెంచీ వైపు తిరిగేది, తృప్తి కళ్ళు అక్కడికి పోయేవి. పిల్లలు ఏమీ పసిగట్టలేదు. “చార్టులు బాగా తయారుచేస్తావు,” అని గైడ్ మేడం మెచ్చుకుంది కూడా. అలా నెట్టుకొస్తుండగా శీతల్‌ను వేరే బడికి మార్చారు.

ఆ మరుసటి పాఠానికే గైడ్ మేడం చార్టు చుట్ట వైపు వేలు చూపించి, “ఆజ్ చార్ట్ నకో,” అంది. రోజూ చార్టేనా, ఈ రోజు బోర్డు మీద చేసి చూపించమంది.

తొమ్మిదో తరగతి. రెండు తెలియని సంఖ్యలు, రెండు సమీకరణాలు. తృప్తి బోర్డు వైపు తిరిగింది. మొదటి సమీకరణం రాసింది, తిరిగి చూసింది. అందరూ రాసుకుంటున్నారు. రెండోది రాసింది, చూసింది. మూడో వరుస పొడుగుది. అది రాస్తున్నంతసేపూ వీపు మీద చీమలు పాకినట్టుంది. తిరిగేసరికి స్వాతి నిలబడి ఉంది. ఎదురింటి పద్మక్క బిడ్డ. ఎంతసేపట్నుంచి నిలబడిందో తెలియదు. నోరు అప్పుడే మూసుకుంది. పిల్లలంతా నవ్వుతున్నారు. కొందరు స్వాతిని చూసి, కొందరు తృప్తిని చూసి. వెనక గైడ్ మేడం ఏదో అంటున్నట్టుంది గానీ, ముందు బెంచీ పిల్లలు లేచి నిలబడడంతో పెదవులు కనిపించడం లేదు. అన్ని నోళ్ళూ ఒక్కసారే తెరుచుకున్నాయి. ఏది పట్టుకోవాలి? ఒక మూలన ఒక పిల్ల చేయి నోటికి అడ్డం పెట్టుకుని ఏదో అంది, చుట్టుపక్కలవాళ్ళు పడిపడి నవ్వారు.

ఆ నవ్వు తృప్తికి తెలుసు. గల్లీ చివర తాను నవ్విన నవ్వు.

ఎలా బయటపడిందో ఆమెకు గుర్తు లేదు. గేటు బయట ఆటోవాడు సడన్ బ్రేకు వేసి, తల బయటపెట్టి నోరు చేసుకున్నప్పుడు తానెక్కడున్నదో తెలిసింది.

మర్నాడు కార్ఖానాలో బీడీలు అప్పజెప్పే వరుసలో పద్మ అన్న మాటే పేటలో అందరూ మోసిన మాట. “మా స్వాతి ఒక్క ముచ్చట అడిగిందట. బాయి మొఖం తెల్లవోయిందట. కరోనా పాస్ గద మరి!”

సుందరాబాయి ఊరుకునే మనిషా? గంప దించి కొంగు నడుముకు చుట్టింది. “ఏమే పద్మా, తొమ్మిదో తరగతిల బల్లకు అంటుకపోయిన నీ బిడ్డ నా బిడ్డకు పరీక్ష పెట్టిందా?”

“నేనెందుకంటనే అక్కా, తరగతంత చూసింది. ఉరికిందా లేదా చెప్పు?”

“నా బిడ్డకు రాని లెక్క లేదు! కడుపు నొప్పొచ్చి ఉరికి ఉంటది!”

“కడుపు నొప్పొస్తే దవాఖానకు ఉరుకుతరు. ఇంటికెందుకు ఉరికింది?”

వరుసంతా నవ్వింది. బీడీలు చూసే చెక్కర్ కూడా తలెత్తి నవ్వాడు. సుందరాబాయి ఆ నవ్వంతా గంపలో వేసుకుని ఇంటికొచ్చింది.

తృప్తి వెనక సగంలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. తల్లి ఎదురుగా చతికిలబడి, గడ్డం పట్టి ముఖం పైకెత్తింది. “ఒక్క మాట చెప్పు. ఆ పోరి అడిగిన లెక్క నీకు రాలేదా?”

తృప్తి ముందు రెండు జవాబులున్నాయి. ఒకటి చెబితే నాలుగు రోజులు నవ్వుతారు. రెండోది చెబితే గైడ్ మేడం దాకా, కాలేజీ దాకా, రేపు నౌకరీ అడగబోయే ప్రతి బడి దాకా అది ముందే నడిచిపోతుంది. రాని లెక్క నేర్చుకోవచ్చు అంటారు. రాని చెవికి ఏమంటారు?

“రాలేదమ్మా,” అంది.

సుందరాబాయి చేయి జారిపోయింది. “రాలేదా! కార్ఖానల అందరి ముందర ఒర్రి వచ్చిన గదనే, నా బిడ్డకు రాని లెక్క లేదని! గిన్నేండ్లు ఏం చదివినట్టు? ఏమైందే నీకు? మాట్లాడవేందే? చెవిటోని ముందర శంఖం ఊదినట్టు నేనే ఒర్రుతున్న!”

సామెత సామెతలాగే అంది. తృప్తికి మాత్రం ఆ మాట పెదవుల మీద కనబడగానే ఒళ్ళు చల్లబడింది. తెలిసిపోయిందేమోనని తల్లి కళ్ళలోకి చూసింది. అక్కడ కోపం తప్ప ఏమీ లేదు. బతికాననుకుంది. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

కాసేపటికి గైడ్ మేడం మెసేజ్ వచ్చింది. ఆ పాఠం లెక్కలోకి రాదు. గురువారం అదే తరగతికి, అదే పాఠం, బోర్డు మీద మళ్ళీ చెప్పాలి. చెప్పకపోతే ఈ ఏడు పూర్తికాదు.

తృప్తి తిండి మానేసింది. శీతల్ వచ్చి ఎదురుగా కూర్చుని మెల్లగా అంది: “గైడ్ మేడంకు చెప్పేద్దాం తృప్తీ. మంచామె.”

“మంచోళ్ళే ముందుగల తీసేస్తరు. ‘పాపం, ఇబ్బంది పడ్తవు బిడ్డా, ఇంటికాడ ఉండు’ అంటరు. చెడ్డోళ్ళైతే కొట్లాడొచ్చు.”

“మరి ఎన్ని దినాలు దాస్తవే? నేను జిందగీ అంత నీ తరగతిల కూసుంటనా?”

“పో. నీకు ఇనొస్తది, నీకేం తెలుసు.”

శీతల్ కళ్ళనీళ్ళు పెట్టుకుని లేచిపోయింది. తృప్తి మగ్గాల సగంలోకి పోయి నిలబడింది. అంబాదాస్ బిడ్డను చూసి, మగ్గం ఆపకుండానే పెదవులతో అన్నాడు: “పాఠానికింత భయమెందుకు బిడ్డా? నాకు ఒక చెవి మొద్దువడ్డది. సేటు మగ్గం తీసేసిండా? పని వస్తే చాలు.”

ఆయన తన సంగతి ఏదో మాటవరసకు చెప్పాడు, బిడ్డ సంగతి ఆయనకు తెలియదు. తృప్తి ఆయన ముఖంలోకి మరోసారి చూసింది. “మగ్గం ప్రశ్నలడగదు నాయినా,” అని మాత్రం అంది.

బుధవారం సాయంత్రం కరెంటు పోయింది. మగ్గాలు ఆగాయి. తృప్తి అరుగు వైపు ముఖం పెట్టి కూర్చుని, గాలిలో వేలితో సమీకరణం రాసుకుంటోంది. ఏదో అనిపించి తల తిప్పితే తల్లి చద్దరు పట్టుకుని నిలబడి ఉంది. చేతిలో ఆకు ముక్క లేదు. పెదవులు ఇంకా సగం తెరిచే ఉన్నాయి. ముఖంలో రక్తం లేదు. ఎన్నిసార్లు పిలిచిందో ఏమో! ఆ ఇంట్లో మగ్గాల మోత లేనప్పుడు, ముఖం ఎదురుగా లేనప్పుడు, వెనక నుంచి పేరు పెట్టి పిలవడం బహుశా అదే మొదటిసారి.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇప్పుడు అడుగుతుంది, ఇప్పుడు అడుగుతుంది అనుకుంది. సుందరాబాయి అడగలేదు. వచ్చి పక్కన కూర్చుని, తంబాకు చేయి చీరకు తుడుచుకుని, బిడ్డ తల నిమిరింది. “అన్నం తిను బిడ్డా,” అంది, ముఖానికి ముఖం పెట్టి, ఒక్కొక్క మాటా విడివిడిగా. పేటలో ఎవరి సంగతైనా ఇట్టే అడిగేసే మనిషి ఆ ఒక్క సంగతి అడగడానికి భయపడింది.

గురువారం తృప్తి బడికి నడుచుకుంటూ పోయింది. వెనక నుంచి వచ్చే ఆటోల కోసం రెండు అడుగులకోసారి తిరిగి చూసుకుంటూ పోయింది. రోజూ చేసే పనే అది, ఆ రోజు మాత్రం తాను అలా తిరుగుతున్నానని తనకే కనిపించింది. బడి మెట్ల దగ్గర ఆగింది. వెనక్కి పోదామనుకుంది. వెనక్కి పోతే ఏముంది? చాట, కత్తెర, కరోనా పాస్ అన్న పేరు. ముందుకు పోతే ఏముందో ఆలోచించడానికి ధైర్యం చాలలేదు. లోపలికి నడిచింది.

తరగతి లేచి నిలబడింది, నోళ్ళు ఒకేలా తెరిచి మూసింది. నమస్తే చెప్పారన్నమాట. కూర్చున్నారు. గైడ్ మేడం వెనక కుర్చీలో ఉంది. స్వాతి మూడో బెంచీలో, కిటికీ పక్కన.

తృప్తి చాక్‌పీస్ తీసుకుంది. అది చెమటకు మెత్తబడింది. ముఖం పిల్లల వైపు ఉంచి పక్కకు నిలబడి, చేయి వెనక్కి సాచి రాసింది. “రెండు సంఖ్యలు కలిపితే పద్నాలుగు. ఒకదాన్నుంచి ఇంకోటి తీసేస్తే నాలుగు.” అక్షరాలు బోర్డు మీద ఏటవాలుగా కిందికి జారిపోయాయి. ముందు బెంచీలో ఇద్దరు మోచేతులతో పొడుచుకున్నారు. గైడ్ మేడం నొసలు ముడిచి, సరిగ్గా తిరిగి రాయమన్నట్టు చేయి ఊపింది.

ఇక తప్పదు. తృప్తి బోర్డు వైపు తిరిగింది. జారిన వరుసలు తుడిచి, మళ్ళీ నిటారుగా రాసింది. రెండు సమీకరణాలనూ కూడింది. తన గుండె చప్పుడు ఒక్కటే ఆమెకు తెలుస్తోంది. వెనక ఇప్పుడు ఏమవుతోంది? ఎవరైనా పిలుస్తున్నారా? నవ్వుతున్నారా? బాయీ అంటూ ఏమేమి అంటున్నారు? చాక్‌పీస్ విరిగింది. మిగిలిన ముక్కతో ఎక్స్ తొమ్మిది అని రాసింది. కింద వై ఐదు. లెక్క పూర్తయింది. తిరగాలి. తిరగడానికి మెడ ఒప్పుకోలేదు. కాసేపు అలాగే బోర్డుకు ఎదురుగా నిలబడిపోయింది. ఆ కాసేపూ తరగతిలో ఏం జరిగిందో ఆమెకు ఎప్పటికీ తెలియదు.

తిరిగింది.

స్వాతి నిలబడి ఉంది. ఎవరూ నవ్వడం లేదు. నవ్వకపోవడం ఇంకా భయంగా ఉంది. స్వాతి ముఖంలో వెటకారం కూడా లేదు, అరుగు మీద కూర్చుని పక్కింటి సంగతి ఆరా తీసే ఆడవాళ్ళ ముఖంలో ఉండే పట్టుదల ఉంది. తల్లి పోలికే. ఆ పిల్ల మరాఠీ వదిలి తెలుగులో అడిగింది. పెదవులు దాచుకోలేదు.

“బాయీ, రెండుమాట్ల పిలిచిన. మొన్న గూడ పిలిచిన. మా అమ్మోళ్ళు మీది కరోనా పాస్ అంటుర్రు. గీ లెక్క మీరు బరోబర్ చేసిండ్రు. మీకు లెక్క రాదా? లేకుంటే మీకు ఇనరాదా?”

గైడ్ మేడం కుర్చీలోంచి లేచింది. ఆమె నోరు పెద్దగా కదిలింది, స్వాతిని కూర్చోమంటున్నట్టుంది. స్వాతి కూర్చోలేదు. పిల్లలందరి కళ్ళూ తృప్తి మీదే ఉన్నాయి. తలుపు తెరిచే ఉంది. మొన్న ఉరికిన తలుపే. గైడ్ మేడం రెండు బెంచీల మధ్య నుంచి ముందుకు వస్తోంది. ఆమె వచ్చేస్తే మాట ఆమె చేతిలోకి పోతుంది, జాలి మొదలవుతుంది. తృప్తి సుద్ద అంటిన చేయి ఎత్తి, ఆగమన్నట్టు అడ్డం పెట్టింది.

“లెక్క వస్తది. ఇనరాదు,” అంది. “మొన్న నువ్వేం అడిగినవో నాకు ఇప్పటిదాక తెల్వదు స్వాతీ. ఇటొచ్చి, నా మొఖం ముందర నిలవడి మల్ల అడుగు.”